పూచీ ఎవరిది? రెండు కల్పిత తెగల మధ్య ఒక తగవు తీరిన తీరు

కల్పిత ప్రపంచాలు కట్టడం నా వృత్తి. గేమ్‌లు తయారుచేసేవాళ్లు, ఫాంటసీ నవలలు రాసేవాళ్లు తమ లోకంలోని తెగలకు కట్టుబాట్లు, వారసత్వ నియమాలు, సంధి పద్ధతులు కావాలని నా దగ్గరికి వస్తారు. చాలామంది అడిగేది ఒకటే. రాజు లేడు, ఠాణా లేదు, జైలు లేదు. రెండు తెగలకు గొడవ వస్తే అది ఎలా తీరుతుంది?

తీర్పు ఎవరు చెప్పాలో తరవాత చూద్దాం, ముందు ఆ తీర్పుకు పూచీ పడేవాడెవడో తేల్చండి అంటాను. ఆ మాట ఎందుకంటానో చెప్పడానికి, ఒక టేబుల్‌టాప్ గేమ్ (బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని ఆడే ఆట) కోసం కట్టిన తగవును ఇక్కడ మొత్తంగా పెడుతున్నాను.

గొడవ

హోరుగాలి అనే పీఠభూమి. మధ్యలో లోతైన లోయ, దానికి అటూ ఇటూ రెండు తెగలు. ఎల్వారు కొండ అంచుల్లో గొర్రెలు కాస్తారు, పెనుడేగల మీద ఎగురుతారు. కస్తారు ఉప్పు ఊటల దగ్గర మడులు కట్టి ఉప్పు పండిస్తారు. లోయ మీద తాళ్ల వంతెనలు అల్లేది మూడో తెగ, తీగెరు. సంఖ్యలో వాళ్లు చాలా తక్కువ. ఉప్పు అటు వెళ్లాలన్నా, ఉన్ని ఇటు రావాలన్నా వాళ్ల వంతెనే దిక్కు. ఆ వంతెనకు ఒక మహిమ ఉంది. దాని మొదటి స్తంభం మీద పేరు చెక్కి ఉన్నవాళ్ల బరువే అది మోస్తుంది. పేరు లేనివాడు అడుగు పెడితే తాడు సడలిపోతుంది.

ఎల్వారి రౌతుకూ డేగకూ చూపు ఒకటే. పిల్లడేగ గుడ్డులోంచి బయటికి వచ్చిన రోజున ఆ ముడి పడుతుంది. అప్పటి నుంచి డేగ చూసేది రౌతుకు కనబడుతుంది. డేగ చచ్చిపోతే రౌతు కళ్లూ పోతాయి.

వరసగా రెండో ఏడు వానలు లేవు. ఎల్వారి అమ్మాయి ఒకతె గడ్డి వెతుకుతూ కస్తారి మడుల మీదుగా ఎగిరింది. ఆకలితో ఉన్న డేగ కిందికి దిగి మేకపిల్లను ఎత్తుకుపోయింది. కొద్ది రోజులకు మళ్లీ వచ్చింది, ఇంకో పిల్లను పట్టింది. కస్తారి కుర్రాడొకడు బాణం వేశాడు. డేగ మడిలో పడి చచ్చింది. అమ్మాయి బతికింది, చూపు లేకుండా.

నాకు ఇచ్చిన ముసాయిదా

గేమ్ తయారుచేసే టీమ్ రాసుకొచ్చిన దృశ్యం చూడ్డానికి బాగానే ఉంది. పున్నమి రాత్రి, మంట చుట్టూ పెద్దలు, మధ్యలో నిజం చెప్పే రాయి. కుర్రాడు రాయి మీద చెయ్యి పెడతాడు, రాయి ఎర్రబడుతుంది, ముసలి జ్ఞాని లేచి కుర్రాణ్ణి వెలివేస్తాడు. అందరూ తలలు వంచుతారు.

నేను ప్రతి టీమ్‌నూ అడిగే ప్రశ్నే వీళ్లనూ అడిగాను. మర్నాడు పొద్దున్న ఏం జరుగుతుంది? ఆ రాత్రి ఇంటికి వెళ్లిన ఎల్వారి యువకులు ఇంకో డేగ ఎక్కి ఉప్పు మడులు ధ్వంసం చేయకుండా ఆపేది ఏది? ముసలాయన మాట వాళ్లెందుకు వింటారు? కాగితం మీద దీనికి జవాబు లేదు. గౌరవం అన్నారు. కళ్లు పోయిన అమ్మాయి అన్నదమ్ములకు పక్క తెగ ముసలాయన మీద అంత గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుంది?

చరిత్రలో దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఐస్‌లాండ్. అక్కడ 930లో ఆల్తింగ్ అనే దేశ సభ ఏర్పడింది. 1262లో నార్వే రాజుకు లోబడడం మొదలుపెట్టేదాకా ఆ దేశానికి రాజు లేడు. చట్టం ఉంది, న్యాయస్థానాలు ఉన్నాయి, చట్టాన్ని కంఠస్థం చేసి ఏటా మూడో వంతు చొప్పున సభలో వల్లించే అధికారి ఉన్నాడు. లేనిదల్లా తీర్పును అమలుచేసే చెయ్యి. గెలిచినవాడే తన మనుషుల్ని కూడగట్టుకుని అమలుచేసుకోవాలి. అందుకే బలం లేనివాడు తన దావాను బలమున్న నాయకుడికి అప్పగించేవాడు. తీర్పు ఎంత చక్కగా ఉన్నా దాని వెనక నిలబడే మనుషులు లేకపోతే అది మాటగానే మిగులుతుందని ఆ మూడు వందల ఏళ్లు చూస్తే తెలుస్తుంది.

మొదటి రోజులు

దెబ్బ తగిలిన మొదటి గంటల్లో న్యాయం గురించి ఎవరూ మాట్లాడరు. చంపడమా, పారిపోవడమా అన్నదే ఉంటుంది. కాబట్టి ఏ లోకంలోనైనా ముందు కావలసింది ఆశ్రయం, గడువు.

దక్షిణ సూడాన్‌లోని నూయర్ తెగవాళ్లలో హత్య చేసినవాడు నేరుగా ‘చిరుతతోలు పెద్ద’ అని పిలిచే, తగవులు తీర్చే పెద్ద ఇంటికి పరిగెత్తేవాడు. 1930లలో అక్కడ పనిచేసిన మానవ శాస్త్రవేత్త ఎవాన్స్ ప్రిచర్డ్ దీన్ని వివరంగా నమోదు చేశాడు. ఆ పెద్ద హంతకుడి చేతి మీద గాటు పెట్టి రక్తం తీసేదాకా వాడు తినకూడదు, తాగకూడదు. ఆ ఇంట్లో ఉన్నంతకాలం వాడి మీద చెయ్యి పడదు. ఉత్తర అల్బేనియా కొండల్లో కనూన్ అనే సంప్రదాయ కట్టుబాట్లలో గడువుకు లెక్క కూడా ఉంది. చనిపోయినవాడి ఇంటివాళ్లు ముందు 24 గంటలు, తరవాత 30 రోజులు పగ ఆపుతామని మాట ఇవ్వవచ్చు.

మన కథలో కుర్రాడు వంతెన మీదికి పరిగెత్తాడు. వంతెన మీద ఉన్నవాణ్ణి కొట్టకూడదన్నది మూడు తెగలకూ తెలిసిన కట్టు. తీగెరు వాణ్ణి తమ వైపుకు తీసుకెళ్లి, స్తంభానికి పచ్చి గడ్డితో పేనిన తాడు కట్టారు. ఆ తాడు పూర్తిగా ఎండేదాకా సంధి. ఎండకాలంలో త్వరగా ఎండుతుంది, చలికాలంలో నెల దాకా పడుతుంది. గడువు పెంచాలంటే రెండు తెగలూ ఒప్పుకుని ఇంకో తాడు కట్టించాలి. ప్లేయర్లకు ఇది బాగా నచ్చింది, ఎందుకంటే ప్రతి సెషన్ మొదట్లో ఎవరో ఒకరు వెళ్లి తాడు పట్టుకుని చూడాలి.

నిజం చెప్పే రాయి

రాయిని తీసేయమంటానేమోనని టీమ్‌కు టెన్షన్. తీసేయమనలేదు. కానీ దానితో ఈ తగవు అంగుళం కూడా ముందుకు కదలదని చూపించాను. బాణం ఎవరు వేశారో అందరికీ తెలుసు, వేసినవాడే ఒప్పుకున్నాడు. డేగ మేకపిల్లల్ని ఎత్తుకుపోయిందనీ అందరికీ తెలుసు. తగవు జరిగినదాని మీద కాదు, జరిగినదాని విలువ మీద. డేగను కొట్టాడా, మనిషిని కొట్టాడా? మేకపిల్లల్ని ఎత్తుకుపోయే పక్షిని కొట్టడం తప్పా? గడ్డి లేక అలమటించే తెగ అవతలివాళ్ల మడుల మీద ఎగరడం తప్పా? వీటికి ఏ రాయీ ఎర్రబడదు.

నిజాన్ని తేల్చే దైవిక సాధనాలు మన చరిత్రలోనూ ఉన్నాయి. ఐరోపాలో కాల్చిన ఇనుము పట్టించే పరీక్షలు ఉండేవి, 1215లో నాలుగో లాటరన్ సభ అనే క్రైస్తవ మత పెద్దల సమావేశం పూజారులు వాటిలో పాల్గొనకూడదని నిషేధించాక సన్నగిల్లాయి. అరబ్బు ఎడారుల్లోని కొన్ని బెదువిన్ తెగల్లో కాల్చిన లోహాన్ని నాలుకతో తాకించే పద్ధతి ఉండేది. గమనిస్తే ఇవి సాక్షి లేని చోట, మాటకు మాట నిలబడిన చోట వాడేవి. ఫాంటసీ లోకంలోనూ రాయి పని అక్కడికే పరిమితం చేయాలి. చీకట్లో జరిగిన దొంగతనానికి పనికొస్తుంది, పట్టపగలు నలుగురి ముందు పడిన బాణానికి పనికిరాదు.

మధ్యవర్తి

పెద్ద సభ ఉండదు అన్నాను. టీమ్ నిరుత్సాహపడింది, ఎందుకంటే ఆ దృశ్యానికి బొమ్మలు కూడా వేయించుకున్నారు. కానీ రాజు లేని కొన్ని చోట్ల తగవు తీరేదాకా రెండు పక్షాలూ ఒకరి మొహం ఒకరు చూసుకోవు. ఫిలిప్పీన్స్ ఉత్తర కొండల్లోని ఇఫుగావోలలో మోంకలున్ అనే మధ్యవర్తి రెండు కుటుంబాల మధ్య తిరుగుతాడు. వాడికి అధికారం ఏమీ లేదు. బుజ్జగిస్తాడు, పొగుడుతాడు, తిడతాడు, బెదిరిస్తాడు, ఇక్కడి మాటలో కారం తీసేసి అక్కడ చెబుతాడు. ఎదురుపడితే గొంతులు లేస్తాయి. అప్పుడు తగ్గితే పరువు పోతుందని ఎవరూ తగ్గరు. మధ్యవర్తి దగ్గర తగ్గితే అది ఎవరికీ కనబడదు.

నూయర్ల దగ్గర నాకు బాగా పనికొచ్చిన విషయం ఇంకొకటి ఉంది. చనిపోయినవాడి బంధువులు పశువుల పరిహారాన్ని మొదట ‘తీసుకోం’ అంటారు. మనిషిని అమ్ముకుంటామా అంటారు. చిరుతతోలు పెద్ద పట్టుబట్టి, శపిస్తానని బెదిరించాకే, ఆయన మాట కాదనలేక ఒప్పుకున్నామన్నట్టు ఒప్పుకుంటారు. ఆ బెదిరింపుకు భయపడి ఒప్పుకున్నారని నేననుకోను. ఒప్పుకోవడానికి వాళ్లకు ఒక మర్యాదైన దారి కావాలి, పెద్ద ఆ దారి ఇచ్చాడు. ఫాంటసీ రాసేవాళ్లు ఇది పట్టుకుంటే సంధి దృశ్యాలు సగం బాగుపడతాయి. అందుకని మన గేమ్‌లో ఎల్వారు రెండుసార్లు ‘వద్దు’ అనాలి. అది నియమం. మొదటి ‘వద్దు’ విని మధ్యవర్తి పాత్ర వేసేవాడు కంగారుపడకూడదని, ఆటను నడిపించే గేమ్ మాస్టర్ ముందే చెబుతాడు.

తీగెరి పెద్దామె మధ్యవర్తి అయింది. కస్తారి పెద్ద ఆమెతో అన్న మొదటి మాట ఇది: “అమ్మా, మేకపిల్లను పట్టిన డేగను కొట్టాం. డేగ ఖరీదు పన్నెండు గంపల ఉప్పు, ఇచ్చేస్తాం. కళ్లు మేం తీయలేదు, వాళ్ల ముడి తీసింది.” ఎల్వారి వైపు జవాబు ఇంకా పొట్టిది: “వాడి కళ్లు కావాలి.”

చూపు ఖరీదు

ఈ కేసు మొత్తంలో మేం ఎక్కువసేపు కూర్చున్నది ఇక్కడే.

గాయాలకు ధరల పట్టిక పెట్టడం చాలా పాత పద్ధతి. 7వ శతాబ్దం తొలినాళ్లలో, ఇప్పటి ఇంగ్లండ్‌లోని కెంట్ రాజు ఎథెల్‌బెర్త్ చట్టంలో బొటనవేలు తెగితే 20 షిల్లింగులు, దాని గోరు పోతే 3. ఉంగరపు వేలికి 6, చిటికెన వేలికి 11. ముందుపళ్లకు ఒక ధర, లోపలికి వెళ్లేకొద్దీ తక్కువ. సోమాలీల సంప్రదాయంలో మగవాడి ప్రాణానికి 100 ఒంటెలు, స్త్రీ ప్రాణానికి 50. ఈ పట్టికలు చదువుతుంటే ఆ సమాజం దేన్ని విలువైనదనుకుంటుందో, ఎవర్ని తక్కువగా చూస్తుందో కళ్లకు కడుతుంది. పది పేజీల వర్ణన చేయలేని పని ఒక పట్టిక చేస్తుంది. కల్పిత తెగకు పట్టిక రాసేటప్పుడు అంకెలు ఊరికే వేయొద్దని అందుకే బతిమాలతాను. ఆ తెగ ఏ పని చేసి బతుకుతుందో చూసి వేయాలి.

మూడు తెగలకూ మూడు పట్టికలు రాశాం. తాళ్లు అల్లే తీగెరికి చేతివేళ్లు అన్నిటికన్నా విలువైనవి. ఉప్పునీళ్లలో నిలబడి పనిచేసే కస్తారికి పాదాలు విలువైనవి. ఒక పాదం పోతే 30 గంపలు, ఒక కన్ను పోతే 6. ఉప్పు మడిలో ఎండ మిరుమిట్లకు పెద్దవయసులో చూపు మందగించడం వాళ్లకు మామూలే. ఎల్వారికి కన్ను ప్రాణంతో సమానం. అక్కడ తగవు అసలు రూపం బయటపడింది. కస్తారి లెక్కలో రెండు కళ్లకు 12 గంపలు, ఎల్వారి లెక్కలో ఒక నిండు ప్రాణం. రెండు వైపులా మోసం లేదు. రెండు వైపులా తమ పట్టికే న్యాయమని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు.

ఎవరి పట్టిక వాడాలి? టీమ్‌లో ఒకరు మధ్యస్థంగా తేల్చేద్దామన్నారు. అలా చేస్తే ఇద్దరికీ తమ పట్టిక అవమానం పాలైందనిపిస్తుంది. తీగెరి పెద్దామె నోట మేం పెట్టిన సూత్రం వేరు. నష్టం ఎంతో చెప్పేది దెబ్బ తిన్నవాళ్ల పట్టిక. చెల్లింపు ఏ వస్తువుతో, ఎంత కాలంలో జరగాలో చెప్పేది చెల్లించేవాళ్ల పట్టిక. ఎల్వారికి తమ అమ్మాయి చూపు ప్రాణమంత అని ఒప్పుకున్నట్టయింది. కస్తారికి ఒక్కసారిగా కూలిపోకుండా, తమకున్న ఉప్పుతో, తమ కాలక్రమంలో తీర్చే వీలు దొరికింది.

టీమ్ నుంచి వచ్చిన ఇంకో సూచన గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రతి టీమూ తెస్తుంది. బాణం వేసిన కుర్రాణ్ణే అమ్మాయికి కళ్లుగా ఇచ్చేద్దాం, జీవితాంతం ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు, చివరికి ఇద్దరికీ స్నేహం కుదురుతుంది అన్నారు. నేను గట్టిగా కాదన్నాను. తన చూపు తీసినవాడి అడుగుల చప్పుడు ఆ అమ్మాయి రోజూ ఎందుకు వినాలి? ఆమె ఒప్పుకుంటుందని మనం ఎవరం అనుకోవడానికి? పైగా కస్తారు ఒక కుర్రాణ్ణి వదులుకుని మొత్తం బాకీ నుంచి బయటపడతారు. మిగతా ఇళ్లకు ఏమీ తగలదు. ఇంకో కరువు వస్తే ఇంకో కుర్రాడు విల్లు తీస్తాడు. మనసు కరిగించే దృశ్యమే, కానీ తగవు తీరదు.

పెద్దామె చివరికి నష్టాన్ని రెండుగా విడదీసింది. ఆ అమ్మాయి తెగకు గడ్డి వెతికి పెట్టేది, వానమబ్బు ఎటు కదులుతోందో చెప్పేది. ఆ చూపు తెగకు కూడా పోయింది. ఇంకో పిల్లడేగను, ఇంకో రౌతును తయారుచేయాలంటే తొమ్మిదేళ్లు. కాబట్టి ఆ తొమ్మిదేళ్లూ వేసవిలో ఎల్వారి మందలు కస్తారి ఊటల కింది పచ్చిక మడుల్లో మేయవచ్చు. ఇది తెగకు. అమ్మాయికి జీవితాంతం ఏటా నాలుగు గంపల ఉప్పు, ఆమె చేతికే. డేగకు పన్నెండు గంపలు ఒకేసారి, అందులోంచి రెండు మేకపిల్లలకు రెండు గంపలు మినహాయింపు. ఆ రెండు గంపల మినహాయింపు చిన్నదిగా కనిపిస్తుంది కానీ కస్తారు ఒప్పుకోవడానికి అదే తాళం చెవి. మీకూ నష్టం జరిగిందని ఎవరో ఒకరు పైకి అన్నారు.

‘ఆమె చేతికే’ అన్నదాని మీద ఎల్వారి లోపల పెద్ద గొడవ. పరిహారం వంశానికి రావాలి, పెద్దలు పంచాలి అన్నది వాళ్ల ఆచారం. నిజ ప్రపంచంలోనూ చాలా చోట్ల అలాగే ఉంటుంది. ఆడేటప్పుడు అమ్మాయి పాత్ర తీసుకున్న ప్లేయర్ అప్పటిదాకా మౌనంగా ఉండి, పెద్దల వైపు తిరిగి “నన్ను ఒక్కరైనా అడిగారా?” అంది. బల్ల చుట్టూ ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ మాట తరవాత మేం నియమం మార్చాం. దెబ్బ తిన్న మనిషి బతికి ఉంటే మధ్యవర్తి ఆ మనిషితో ఒంటరిగా ఒకసారి మాట్లాడకుండా ఏ ఒప్పందమూ చెల్లదు.

ఎవరెంత కట్టాలి

కస్తారి లోపల పంపకం ఇలా. మూడో వంతు కుర్రాడి ఇల్లు, మూడో వంతు వాడి తండ్రి వైపు ఇళ్లు, మిగతాది తెగలోని అన్ని పొయ్యిలూ సమానంగా. సోమాలీల దగ్గర ఇలాంటి పరిహారాన్ని కలిసి కట్టుకునే, కలిసి పుచ్చుకునే బంధువుల గుంపులు ఉంటాయి. ఒకడి చేతి తప్పు అందరి ఒంటెల మందనూ తగ్గిస్తుంది.

“మా ఇంటివాడు వేయలేదు బాణం, మేమెందుకు కట్టాలి?” అని ఒక కస్తారి ఇంటి పాత్ర అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఒక్క మనిషి బాధ్యత అనే మన ఆలోచనకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, ఆ ఇబ్బందిని గేమ్‌లో దాచొద్దన్నాను. కానీ దీనివల్ల జరిగేది చూడండి. ఆ ఏడాది నుంచి కస్తారి పెద్దలు కరువు నెలల్లో కుర్రాళ్ల విల్లులు తీసుకుని తమ దగ్గర పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు, ప్లేయర్లే ఆ నిర్ణయం తీసుకున్నారు. పోలీసు లేని లోకంలో నేరాన్ని ముందే ఆపేది, దానికి వాటా కట్టాల్సి వచ్చే పక్కింటివాడే.

పూచీ

ఇప్పటిదాకా చెప్పినదంతా జరిగినా, కస్తారు మూడో ఏడు ఉప్పు ఆపేస్తే? ఇక్కడే మాయ పనికొస్తుంది. టీమ్ మాయను తీర్పు దగ్గర పెట్టింది, నేను దాన్ని పూచీ దగ్గరికి జరిపాను.

బెదువిన్ల ఆచారంలో కఫీల్ అనే పూచీదారు ఉంటాడు. ఒప్పందానికి తన ముఖాన్ని, అంటే తన పరువును, తాకట్టు పెడతాడు. మాట తప్పితే దెబ్బ అవతలి పక్షానికే కాదు, పూచీదారు ముఖానికి కూడా తగిలినట్టు. దానికి విడిగా, భారీగా పరిహారం ఇచ్చుకోవాలి. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ ప్రాంతాల పష్తూన్ల జిర్గాల్లో, అంటే పెద్దల సభల్లో, సంధికి ముందే రెండు పక్షాల నుంచీ తుపాకులో డబ్బో తాకట్టు పుచ్చుకునే పద్ధతి ఉంది. మాట తప్పితే అది పోతుంది. రెంటిలోనూ కిటుకు తాకట్టే. కఫీల్ దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. ఇంతకుముందు తగవుతో సంబంధం లేని మూడోవాడికి, ఒప్పందం నిలబడడంలో సొంత స్వార్థం పుడుతుంది.

మన లోకంలో పూచీ పడేవాడు వంతెన స్తంభం మీద తన పేరు పక్కన ఒప్పందం గుర్తు చెక్కించుకోవాలి. కస్తారు చెల్లింపు తప్పితే స్తంభం మీంచి ముందు పోయేది పూచీదారు పేరు. పేరు పోతే వంతెన మోయదు. వంతెన అల్లి బతికే తీగెరి మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. పేరు దానంతటదే చెరిగిపోదు, పూచీదారే ఉలి పట్టుకుని చెక్కేసుకోవాలి. టీమ్ మొదట అది మాయతో ఆటోమేటిక్‌గా జరగాలంది. వద్దన్నాను. మాయే శిక్షిస్తే మనుషులకు పని ఉండదు, కథా ఉండదు. అతను ఉలి తీసుకుంటాడా, తీసుకోడా అన్నది ఊరంతా నిలబడి చూడాలి.

పూచీకి వచ్చింది పెద్దామె కాదు. మధ్యవర్తీ పూచీదారూ ఒకరే కాకూడదని పెట్టాం, ఎందుకంటే ఒప్పందం ఎలాగైనా కుదిరితే చాలనుకునే మనిషి అది నిలబడుతుందా అని కఠినంగా చూడడం కష్టం. వచ్చినవాడు కస్తారికి అల్లుడైన ఒక తీగెరి తాళ్లవాడు. ఎల్వారి ఉన్నితోనే తాళ్లు పేనుతాడు. రెండు వైపులా బంధం ఉన్న మనిషి. అలాంటివాణ్ణి చాలామంది రచయితలు ద్రోహి పాత్రకు వాడుకుంటారు. నాకు మాత్రం తెగల మధ్య శాంతి అంతా అలాంటివాళ్ల భుజాల మీదే ఉంటుందనిపిస్తుంది.

మూడో ఏడు

గేమ్‌ను ఆడి పరీక్షించే ప్లేటెస్ట్‌లో గేమ్ మాస్టర్ మూడో ఏడు ఉప్పు ఊటల్లో సగం ఎండగొట్టాడు. కస్తారు అమ్మాయికి నాలుగు గంపలకు రెండే పంపారు. ఎల్వారి యువకుల పాత్రలు అప్పటికే డేగల మీద జీను వేస్తున్నాయి.

తాళ్లవాడు ఏం చేశాడో చెబుతాను, ఎందుకంటే ఈ పద్ధతి పనిచేస్తుందని నాకు నమ్మకం కలిగింది అక్కడే. ముందు తన నిల్వలోంచి రెండు గంపలు తీసి అమ్మాయి చేతికి ఇచ్చాడు. అంతటితో ఎల్వారికి దండెత్తే కారణం పోయింది, వాళ్లకు రావాల్సిన బాకీ తీరింది. తరవాత ఉలి తీసుకుని మామగారి ఊరు వెళ్లి, కస్తారి పెద్ద గుమ్మం ముందు కూర్చున్నాడు. ఎవర్నీ ఏమీ అనలేదు. వచ్చేపోయేవాళ్లందరికీ అతని ఒళ్లో ఉలి కనబడుతోంది. కస్తారి పెద్ద పాత్ర వేసిన ప్లేయర్ కాసేపు వాదించి, చివరికి “అల్లుడుగారూ, లోపలికి రండి” అన్నాడు. వచ్చే ఏడు నాలుగుకు బదులు ఆరు గంపలు, అందులో రెండు తాళ్లవాడికి అని తేల్చుకున్నారు. శత్రువుకు బాకీ పడ్డప్పుడు ఎగ్గొట్టడం మగతనంలా కనిపిస్తుంది. అల్లుడికి బాకీ పడితే అలా కనిపించదు.

నూయర్ల పరిహారం 40, 50 పశువుల దాకా ఉండేది, ఒకేసారి పూర్తిగా చెల్లడం అరుదు, ఏళ్ల తరబడి సాగేది. సాగుతున్నంతకాలం పాత పగ మళ్లీ రాజుకునే భయమూ ఉండేది. అయినా రెండు వైపులా మాట్లాడుకోవడానికి ఒక కారణం మిగిలేది. ఏటా నాలుగు గంపలు మోసుకుంటూ వంతెన దాటే కస్తారి మనిషిని ఎల్వారి పిల్లలు చూస్తూ పెరుగుతారు. మొదటి ఏడు అతనికి ఎవరూ మంచినీళ్లివ్వలేదు. మూడో ఏడు అమ్మాయి స్వయంగా ఇచ్చింది. దాన్ని నేను రాయలేదు, ప్లేయర్ చేసింది. ఆ పాత్ర క్షమించిందని కూడా ఎక్కడా అనలేదు.

చివరికి రూల్‌బుక్‌లో పెట్టినది

తగవుల అధ్యాయంలో టీమ్ ఇప్పుడు పున్నమి సభను ఆఖర్లో ఉంచింది, అంతా కుదిరాక జరిగే తంతుగా. వేయించుకున్న బొమ్మ వృథా కాలేదు. గేమ్ మాస్టర్ ఏ కొత్త తగవు కట్టినా ముందు నింపాల్సిన గడి పూచీదారుది. అతనెవరు, రెండు వైపులా అతనికి ఏ బంధం ఉంది, మాట తప్పితే అతను పోగొట్టుకునేది ఏమిటి. ఈ మూడింటికీ జవాబు లేకుండా తీర్పు రాయడం మొదలుపెట్టొద్దని అక్కడే ఉంది.

టీమ్ చివరగా అడిగిన ప్రశ్న, తొమ్మిదేళ్లు నిండకముందే అమ్మాయి చనిపోతే ఏమిటని. ఉప్పు ఆమెది కాబట్టి ఆగిపోతుంది, ఆ ఏడాది గంపలు మాత్రం ఆమె ఎవరికి ఇవ్వమని చెప్పి ఉంటే వాళ్లకు వెళతాయి. పచ్చిక తెగది కాబట్టి తొమ్మిదో వేసవి దాకా సాగుతుంది. తాళ్లవాడి పూచీ కూడా అప్పటిదాకానే. ఆ వేసవి చివర్లో స్తంభం మీద అతని పేరు పక్కనున్న గుర్తును ఎల్వారి మనిషి ఒకరు, కస్తారి మనిషి ఒకరు కలిసి చెక్కేయాలి.